మహారాజా ఓడలో ద్వీపాంతరం

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

నా చిన్నతనంలో మా అమ్మమ్మ నోట ఒక మాట తరచు వినిపించేది. ఎవరింట్లోనైనా ఆడపిల్లని కాస్త దూరపు ఊరికి ఇస్తే చాలు, "అయ్యో, పిల్లని ద్వీపాంతరం పంపేశారే!" అనేది. ఆ దూరపు ఊరు ఏ నాగపూరో, ఖరగ్‌పూరో అయి ఉండేది. రైలెక్కితే మర్నాటికి చేరే ఊరే. దానికి ద్వీపాలెందుకొచ్చాయి? అని నేను నవ్వేదాన్ని. ఆవిడ మాత్రం నవ్వేది కాదు.

ఈ మాట మీరూ వినే ఉంటారు. పాత నవలల్లో జడ్జిగారు హంతకుడికి "యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష" విధిస్తూ ఉంటారు కదూ! ఇప్పటి తీర్పుల్లో ఆ మాట లేదు, యావజ్జీవ కారాగారమనే ఉంటుంది. 1955లో చట్టాన్ని సవరించి, 1956 జనవరి 1 నుంచి ద్వీపాంతరాన్ని శిక్షాస్మృతిలోంచి తీసేశారు. కాబట్టి మా అమ్మమ్మ పెళ్ళయి, పిల్లల్ని కని, పెంచిన రోజులన్నిట్లోనూ అది నిజంగా ఉన్న శిక్షే. ఫలానా ఊళ్ళో ఫలానావాణ్ణి పంపేశారట అని చెప్పుకునేవారు. అక్కడితో ఆ మనిషి కథ అయిపోయినట్టే.

రెండేళ్ళ కిందట మా అమ్మాయి మమ్మల్ని అండమాన్ తీసుకెళ్ళింది. మద్రాసులో విమానమెక్కి, ఇచ్చిన కాఫీ తాగి, కాస్త కునుకు తీసేలోగా దిగిపోయాం. ఊరి పేరు పోర్టుబ్లెయిర్. 2024లో శ్రీ విజయపురం అని మార్చారు. అందరిలాగే సెల్యులర్ జైలు చూశాం, సాయంత్రం దీపాలూ శబ్దాలతో చెప్పే కథ విన్నాం. ఉరికంబం, గానుగ, గదులు అన్నీ చూపించారు. నాకు మాత్రం గృహిణి బుద్ధి పోలేదు. "ఇంతమందిని ఇంత దూరం ఎలా తెచ్చారు? ఎలా పోషించారు? ఇక్కడ బియ్యమెక్కడివి?" అని ఒకటే సందేహం. జైలు గురించి పుస్తకాలు బోలెడున్నాయి గానీ, ఆ జైలుకు మనుషుల్ని మోసిన ఓడ గురించి ఎవరూ అంతగా చెప్పరు. ఆ ఓడ సంగతే ఇవాళ మీతో ముచ్చటిస్తాను. దాని పేరు మహారాజా.

ముందు కాస్త వెనక్కి వెళ్ళాలి. సముద్రం దాటించి పంపే శిక్ష కంపెనీ వాళ్ళ కాలంలోనే ఉంది. పినాంగు, సింగపూరు, మౌల్మీను వంటి రేవులకు తెరచాప ఓడల్లో ఖైదీలను పంపి, అక్కడ రోడ్లు వేయించేవారు. 1857 తిరుగుబాటు తర్వాత వేల మంది ఖైదీలు పోగయ్యారు. వాళ్ళను దేశంలో ఉంచితే భయం. అందుకని బంగాళాఖాతం మధ్య అడవులతో నిండిన అండమాన్ దీవులను ఎంచుకున్నారు. 1858 మార్చి 10న రెండు వందల మంది ఖైదీలతో సెమిరమిస్ అనే యుద్ధనౌక అక్కడ చేరింది. అది ఆవిరితో నడిచే నౌకే. వాళ్ళ మీద అధికారి డాక్టర్ వాకర్, అంతకు ముందు ఆగ్రా జైలు చూసినాయన. మొదటి నెలల్లోనే ఎందరో అడవిలోకి పారిపోయారు. ఈ దారి వెంట పోతే బర్మా వచ్చేస్తుందని కొందరి నమ్మకమట, పాపం! చుట్టూ సముద్రమే. పట్టుబడినవాళ్ళలో ఎనభైమందికి పైగా ఒక్క రోజునే ఉరి తీయించాడా డాక్టరు. డాక్టరు అన్నమాట గుర్తుంచుకోండి.

ఆ తొలి రోజుల్లో వెళ్ళినవాళ్ళలో మన హైదరాబాదు మనిషి ఉన్నాడు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి వెళ్ళారు. ఆ రెసిడెన్సీ ఏదో తెలుసా? మీలో చాలామంది చదువుకున్న కోఠీ మహిళా కళాశాల భవనం! ఆ పెద్ద మెట్ల మీద కూర్చుని మనం పల్లీలు తిన్నాం గానీ ఈ సంగతి ఎవరికి తెలుసు? తుర్రెబాజ్ ఖాన్‌కు మొదట ద్వీపాంతరమే వేశారు. ఆయన తప్పించుకుపోతే తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు. అల్లావుద్దీన్‌ని 1859లో అండమాన్ పంపారు. ఆయన మళ్ళీ హైదరాబాదు చూడలేదు, అక్కడే పోయాడు.

ఇక ఓడ సంగతి. మన పెద్దవాళ్ళు రైలును పొగబండి అన్నట్టే, స్టీమరును పొగ ఓడ అనేవారు. కింద బొగ్గు మండిస్తే పెద్ద పెద్ద బాయిలర్లలో నీళ్ళు ఆవిరవుతాయి. మన ప్రెషర్ కుక్కర్ మీద వెయిట్‌ని ఎగరగొట్టే శక్తే ఇక్కడ ఇంజనుని తోస్తుంది, ఇంజను ఓడ వెనక ఉండే మర పంకాని తిప్పుతుంది. ఇందులో మనకు కావలసిన విషయం ఒకటే. తెరచాప ఓడ గాలి దయ మీద నడుస్తుంది. ఏ రుతువులో గాలి ఎటు వీస్తే అటు పోవాలి. పొగ ఓడకు ఆ బాధ లేదు. ఫలానా తేదీన బయల్దేరి ఫలానా తేదీకి చేరుతుందని ముందే చెప్పొచ్చు. అంటే ద్వీపాంతర శిక్షకు ఒక టైంటేబులు వచ్చింది. ఓడ వచ్చే రోజుకు జైళ్ళలో మనుషుల్ని సిద్ధం చేయడం, రైలెక్కించడం, రేవుకు చేర్చడం అన్నీ పద్ధతి ప్రకారం జరిగిపోయేవి.

మహారాజా ప్రభుత్వం వారి ఓడ కాదు. ఏషియాటిక్ స్టీమ్ నావిగేషన్ అని, 1878లో పెట్టిన ఒక ఇంగ్లీషు కంపెనీ ఉండేది. టపా, సరుకులు, సర్కారు ఉద్యోగులు, ఖైదీలు అందరినీ పోర్టుబ్లెయిరుకు చేర్చే కాంట్రాక్టు ఆ కంపెనీదే. కలకత్తా, మద్రాసు, రంగూను ఈ మూడు రేవుల నుంచీ దాని ఓడలు అండమాన్‌కు తిరిగేవి. ఓడలకు పేర్లు మాత్రం భలే పెట్టారు లెండి! షాజహాన్, నూర్జహాన్, మహారాణి, మహారాజా. పైన పేరు మహారాజా, అడుగున సంకెళ్ళ మోత. కంపెనీ వారికి ఖైదీ కూడా ఒక సరుకే. ఇన్ని బస్తాల బియ్యం, ఇన్ని పీపాలు, ఇంతమంది మనుషులు అని లెక్క.

ఆ సరుకుల జాబితా నన్ను చాలా సేపు ఆలోచింపజేసింది. 1901 లెక్కల్లో పోర్టుబ్లెయిరు వలసలో సుమారు 16,000 మంది ఉన్నారు. వాళ్ళలో ముప్పాతిక మంది ఖైదీలే. కొన్ని పల్లెల్లో వరి, కూరలు పండించేవారు గానీ అది ఏ మూలకు? నలుగురున్న ఇంట్లో నెల సరుకు వారం ఆలస్యమైతే మనకు ఎంత కంగారు! అక్కడ ఓడ రాకపోతే పదహారు వేల మందికీ వంట ఆలోచనే. బియ్యం, పప్పు, గోధుమపిండి, ఉప్పు, మందులు, బట్టలు, పనిముట్లు, ఇనప సామాను, ఉత్తరాలు అన్నీ ఓడలోంచే దిగాలి. 1896లో మొదలెట్టి 1906 దాకా సెల్యులర్ జైలు కట్టారు కదా, దాని ఇటుకలు కూడా బర్మా నుంచి సముద్రం మీద వచ్చాయి. దిగిన ఇటుకను మోసిందీ, గోడ కట్టిందీ, ఆ గోడల మధ్య కూర్చున్నదీ ఖైదీలే. ఏడు వరసలు, ఏడు వందలకు దగ్గరగా గదులు. ఒక గదిలోని మనిషికి ఇంకో మనిషి ముఖం కనపడకుండా, ఒక వరస ముందు భాగం ఇంకో వరస వీపును చూసేలా కట్టారు.

తిరుగు ప్రయాణంలో ఓడ ఖాళీగా పోతుందా? కంపెనీ వాళ్ళు అంత అమాయకులు కాదు. అండమాన్ అడవుల్లో పడౌక్ అనే ఎర్రకొయ్య ఉంది. మన కడప, చిత్తూరు కొండల్లోని ఎర్రచందనానికి, మనం చక్కెర జబ్బుకు నీళ్ళు పోసుకు తాగే గ్లాసులు చేస్తారే, ఆ వేగిస చెట్టుకు అది దగ్గరి చుట్టం. ఆ దుంగలు కొట్టడానికి, కోయడానికి ఖైదీలు. చాతం దీవిలో 1883లో పెట్టిన రంపపు మిల్లు చాలా పెద్దది. జైల్లో ఎద్దుకు బదులు మనిషిని కట్టి గానుగ ఆడించిన కొబ్బరినూనె, కొబ్బరి డొక్క చితక్కొట్టి తీసిన పీచు కూడా సరుకే. మనిషికి రోజుకు ముప్ఫై పౌన్ల నూనె తీయాలని లెక్క. అంటే మన తూకంలో పదమూడు కిలోల పైన. ఆ జైలు గానుగ ముందు నిలబడి నేను ఆ లెక్క వేసుకున్నాను. మా ఇంట్లో నెలకు వాడే నూనె అయిదు కిలోలు.

ఇప్పుడు ఓడ ఎక్కే మనిషి దగ్గరికి వద్దాం. ఖైదీల జట్టును చలాను అనేవారు. మనకు చలాను అంటే బ్యాంకులో డబ్బు కట్టే కాగితం. వాళ్ళకు కాగితంతో పాటు పంపే మనుషులే చలాను. మన వైపు రాజమండ్రి వంటి పెద్ద జైళ్ళలో శిక్షపడ్డవాళ్ళను మద్రాసు చేర్చేవారు. సముద్రప్రయాణానికీ కష్టపు పనికీ తట్టుకోగలడా లేదా అని డాక్టరు చూసేవాడు. కాళ్ళకు బేడీలు. అక్కడికి చేరాక మెడలో ఇనప కడియానికి ఒక చెక్క బిళ్ళ వేలాడదీసేవారు. దాని మీద నంబరు, నేరం సెక్షను, శిక్ష పడిన తేదీ, విడుదల తేదీ. ప్రమాదకరమైనవాడైతే ఇంగ్లీషు డి అక్షరం కూడా. పేరు అక్కర్లేదు.

ఓడలో ఎలా ఉండేదో రాసి పెట్టినవాళ్ళు కొద్దిమందే, ఎందుకంటే వెళ్ళినవాళ్ళలో చదువుకున్నవాళ్ళు తక్కువ. 1909లో బెంగాలు విప్లవకారులు బారీంద్ర ఘోష్, ఉల్లాస్‌కర్ దత్తు, హేమచంద్ర వగైరాలను కలకత్తా నుంచి మహారాజాలోనే తీసుకెళ్ళారు. 1911లో వినాయక దామోదర సావర్కర్‌ని ఠాణా జైలు నుంచి రైల్లో మద్రాసు తెచ్చి అదే ఓడ ఎక్కించారు. రెండు యావజ్జీవాలు కలిపి యాభై ఏళ్ళ శిక్ష. బిళ్ళ మీద విడుదల సంవత్సరం 1960 అని. ఆయన తర్వాత మరాఠీలో రాసిన జైలు జీవితం పుస్తకంలో ఈ ప్రయాణం గురించి చెప్పాడు. ఓడ అడుగు అంతస్తులో ఇనప కటకటాల బోను. అందులో చోటు ముప్ఫై మందికి లేదు, ఎక్కించింది యాభై మంది దాకా. ఒకరి కాళ్ళు ఒకరి తల దగ్గర. మూల ఒక సగం కోసిన పీపా. అందరికీ అదే మరుగుదొడ్డి. ఆయనకు పడక దొరికింది ఆ పీపా పక్కనే. సముద్రం ఊగితే ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. మూడు నాలుగు రోజుల ప్రయాణం, వానాకాలమైతే ఇంకా పైనే. పైన డెక్కు మీద అధికారులూ వాళ్ళ దొరసానులూ గాలికి షికారు తిరుగుతూంటారు. మధ్యలో బియ్యపు బస్తాలు. అన్నిటికంటే కింద వీళ్ళు.

రాజకీయ ఖైదీల మాట అలా ఉంచండి. వాళ్ళు వందల్లో ఉంటారు. ఓడ మోసిన వేలాదిమంది పల్లెటూరి జనం. వాళ్ళకు బోను కంటే నల్లనీళ్ళే ఎక్కువ భయం. సముద్రం దాటితే కులం పోయినట్టే. తిరిగొచ్చినా ఇంటి గడప లోపలికి రానివ్వరు. ఎవరో వండిన అన్నం ముట్టకుండా అటుకులు, శనగలు నములుకుంటూ దారంతా గడిపినవాళ్ళు ఉన్నారట. తీరా దీవిలో దిగాక ఏ కులమూ మిగలదు. అందరూ ఒకే వంటశాలలో తిని, ఒకే హిందుస్తానీ మాట్లాడటం మొదలెట్టాల్సిందే.

ఇక మనకు ముఖ్యమైన సంగతి. ఆ ఓడలో ఆడవాళ్ళు కూడా వెళ్ళారు.

ఇది విని మా అమ్మాయే నమ్మలేదు. జైలు మ్యూజియంలో ఫొటోలన్నీ మగవాళ్ళవే కదా అంది. నిజమే. స్త్రీలు తక్కువ, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మగ ఖైదీల సంఖ్యలో పదో వంతు కూడా లేరు. వాళ్ళ జైలు వేరే, సౌత్ పాయింట్ అనే చోట ఉండేది. అక్కడ నూలు వడకడం, బట్ట నేయడం, కుట్టడం పని. వలసలో ఖైదీలు కట్టుకున్న బట్టలు వీళ్ళ చేతుల మీదుగా వచ్చినవే.

ఏం చేశారు వీళ్ళు? చాలామందిది హత్యానేరమే. కొందరు హింస భరించలేక మొగుణ్ణి చంపినవాళ్ళు. ఇంకొందరు పురిటిబిడ్డను చంపుకున్నవాళ్ళు. ఈ రెండో మాట దగ్గర కొంచెం ఆగుదాం. పదేళ్ళకు పెళ్ళి, పన్నెండేళ్ళకు వైధవ్యం ఉన్న రోజులవి. మళ్ళీ పెళ్ళి లేదు. ఇంట్లోనే ఎవడో పెద్దమనిషి వల్ల నెల తప్పితే ఆ పిల్లకు దారేది? నుయ్యి, లేకపోతే బిడ్డ గొంతు నొక్కడం. పోలీసులు వచ్చి పట్టుకుపోయేది ఆ పిల్లనే. ఆ పెద్దమనిషి చుట్ట కాల్చుకుంటూ అరుగు మీదే ఉంటాడు.

1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకు ఇదే నేరం మీద ఉరిశిక్ష వేశారు. హైకోర్టు దాన్ని యావజ్జీవ ద్వీపాంతరంగా మార్చింది. తర్వాత అయిదేళ్ళకు తగ్గించారు. పత్రికలన్నీ ఆడదాని నీతి గురించి వ్యాసాలు రాస్తే, బుల్ఢాణాలో ఉన్న తారాబాయి శిందే అనే ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. 1882లో మరాఠీలో స్త్రీ పురుష తులన అని ఒక చిన్న పుస్తకం అచ్చువేసింది. ఇన్ని నీతులు చెప్పే మగవాళ్ళు తాము ఎలా ఉన్నారో చూసుకోరేం అని నిలదీసింది. అదే 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు ఊరంతా వెలివేస్తే రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుంచి తానే నీళ్ళు మోసి, పెళ్ళివారికి వండిపెట్టిందని మనం చదువుకున్నాం. సంస్కరణ అంటే సభలూ ఉపన్యాసాలూ అనుకుంటాం మనం. ఆ పెళ్ళి జరగని ఊళ్ళలోని పిల్లలు కొందరు రేవుకు చేరి ఓడ ఎక్కారని ఇప్పుడు నాకు తోస్తోంది.

వెళ్ళినవాళ్ళకు అక్కడ ఒక విచిత్రమైన దారి ఉండేది. ఆడ ఖైదీ అయిదేళ్ళు సక్రమంగా నడుచుకుంటే పెళ్ళాడొచ్చు. మగ ఖైదీ పదేళ్ళు గడిపి, సొంతంగా బతికే టిక్కెట్టు సంపాదిస్తే అతనికి కాస్త భూమి, గుడిసె ఇచ్చేవారు. అలాంటివాడు అనుమతి తీసుకుని ఆడజైలుకు పెళ్ళిచూపులకు వెళ్ళేవాడు. ఆడవాళ్ళను వరసగా నిలబెట్టేవారు. ఇద్దరికీ నచ్చి, మతం ఒకటే అయితే, అధికారి రిజిస్టరులో రాసుకునేవాడు. నచ్చకపోతే ఆవిడ కాదనొచ్చు. అక్కడ ఒక్కొక్క ఆడదానికి పదిమంది మగవాళ్ళు మరి! ఇంటి దగ్గర ఉన్నప్పుడు ఆ అమ్మాయిని ఎవరైనా నీకు ఇష్టమేనా అని అడిగారో లేదో. అందంగా చెప్తున్నానని మాత్రం అనుకోకండి. జైలా, తెలియని మనిషితో కాపురమా అన్న రెండింటిలో ఒకటి కోరుకోమనడం అది. కాపురం చేయకపోతే మళ్ళీ జైలే. అయినా ఆ కాపురాలు నిలిచాయి. పిల్లలు పుట్టారు. తమిళం, పంజాబీ, బెంగాలీ, తెలుగు అన్నీ వదిలేసి హిందుస్తానీ మాట్లాడే ఒక కొత్త జాతే తయారైంది. లోకల్ బార్న్ అంటారు వాళ్ళను. వాళ్ళ మునిమనవలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు.

పెళ్ళాల్నీ పిల్లల్నీ ఇంటి నుంచి తెప్పించుకోవచ్చని కూడా రూలు ఉండేది. వచ్చినవాళ్ళు చాలా తక్కువ. ఓడ ఎక్కడమంటే ఆవిడ కూడా కులం వదులుకోవడమే కదా! మొగుడు బతికి ఉన్నా, లేడనుకుని బొట్టు పెట్టుకోవాలో తుడుచుకోవాలో తెలియక ఇంటిపట్టున ఉండిపోయిన ఆడవాళ్ళ లెక్క ఏ రిజిస్టర్లోనూ లేదు. మా అమ్మమ్మ ఆ మాట అనేటప్పుడు ఎందుకు నవ్వేది కాదో ఇక్కడికి వచ్చాక తెలిసింది.

సెల్యులర్ జైల్లో ఉత్తరాలకు కూడా లెక్కే. ఏడాదికి ఒక్కటి రాయొచ్చు, ఒక్కటి అందుకోవచ్చు. ఓడలో టపా సంచీ వచ్చినప్పుడల్లా ఆశ, మిగతా ఏడాది ఎదురుచూపు. సావర్కర్ అన్నగారు బాబారావు కూడా అదే జైల్లో ఉన్నారు. ఇద్దరికీ మొదటిసారి ఇంటివాళ్ళను చూసే అనుమతి 1919లో వచ్చింది, అంటే తమ్ముడు వచ్చిన ఎనిమిదేళ్ళకు. సముద్రం దాటి తమ్ముడి భార్య, చిన్న తమ్ముడు వచ్చారు. బాబారావు తన భార్య యేసూబాయి కోసం చూశారు. ఆవిడ రాలేదు. దర్శనానికి అనుమతి కోసం అన్నేళ్ళు అర్జీలు పెట్టుకున్న ఆవిడ అప్పటికే చనిపోయింది. ఆ సంగతి అన్నదమ్ములకు జైల్లో ఆ కలుసుకున్న కాసేపట్లోనే తెలిసింది. 1921లో ఇద్దరినీ తిరిగి ఇటు వైపు జైళ్ళకు తెచ్చారు.

మన తెలుగువాళ్ళు ఎవరెవరు వెళ్ళారంటారా? 1879-80 రంప తిరుగుబాటులో పట్టుబడిన మన్యం వాళ్ళు వెళ్ళారు. మళ్ళీ 1922-24లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాళ్ళలో కొందరు వెళ్ళారు. గోదావరి తప్ప ఇంకో పెద్ద నీరు చూడని కొండవాళ్ళకు ఆ సముద్రం ఎలా కనిపించిందో! 1933 కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి గారిదీ ఆ దారే.

నిజానికి ఈ శిక్ష అంతకు ముందే ఆగిపోవలసింది. 1919-20లో జైళ్ళ కమిటీ ఇది పనికిరాదని, ద్వీపాంతరం మానేయాలని చెప్పింది. ఆడవాళ్ళను పంపడం ఆపారు. కానీ మలబారులో మోప్లా తిరుగుబాటు రాగానే వేలమందిని మళ్ళీ ఓడలు ఎక్కించారు. 1932 నుంచి విప్లవకారులను కూడా మళ్ళీ పంపడం మొదలెట్టారు. 1933 మేలో వాళ్ళు నిరాహారదీక్ష చేస్తే బలవంతంగా పాలు పోయబోయి ముగ్గురిని పోగొట్టారు: మహావీర్ సింగ్, మోహన్ కిశోర్, మోహిత్ మైత్రా. 1937లో ఇంకో పెద్ద దీక్ష జరిగింది. దేశమంతా గోల పెట్టింది. ఆ తర్వాతే, 1938 జనవరికల్లా, రాజకీయ ఖైదీలందరినీ వెనక్కి తెచ్చారు.

మహారాజా పేరు మాత్రం ఆ నీళ్ళ మీద ఇంకా కొన్నాళ్ళు మిగిలింది. 1949 మార్చిలో మహారాజా స్టీమరు కలకత్తాలో మళ్ళీ మనుషుల్ని ఎక్కించుకుంది. ఈసారి బేడీలు లేవు. దేశవిభజనలో తూర్పు బెంగాలు వదిలి, కలకత్తా శిబిరాల్లో నెలల తరబడి పడి ఉన్న కుటుంబాలు అవి. అండమాన్‌లో అడవి కొట్టుకుని సాగుచేసుకోండి, భూమి ఇస్తాం అన్నారు. నల్లనీళ్ళ పేరు విని కలకత్తాలో చాలామంది వెళ్ళొద్దన్నారు. చంటిపిల్లల్ని చంకనెత్తుకుని, చెంబూ తప్పేలా మూటగట్టుకుని ఆడవాళ్ళు అదే పేరుగల ఓడ మెట్లు ఎక్కారు. తర్వాత మన శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి కూడా చేపల వేటకూ, కూలికీ, ఉద్యోగాలకూ కుటుంబాలు కుటుంబాలు వెళ్ళాయి. విశాఖ రేవు నుంచి ప్రయాణికుల ఓడలు నడిచాయి.

మేము ఉన్న మూడు రోజులూ అబర్డీన్ బజారులో ఒకావిడ దగ్గర కొబ్బరిబోండాలు తాగాం. మా మాటలు విని "తెలుగోలా? ఏ ఊరమ్మా?" అంది. సోంపేట దగ్గర పల్లె తనది. ముప్ఫై ఏళ్ళ కిందట అత్తామామలతో విశాఖలో ఓడ ఎక్కిందట. "మూడు రోజులూ వాంతులేనమ్మా, లేచి కూకుంటే ఒట్టు" అని నవ్వింది. ఇద్దరు కొడుకులు ఇక్కడే చదివారు, కోడలు లోకల్ పిల్ల. కోడలి ముత్తవ్వ చలానులో వచ్చిన మనిషేనట. ఏ ఊరినించి వచ్చింది అని అడిగాను. ఎవరికీ తెలియదంది. ఇంకో బోండాం కొట్టి మా అమ్మాయికి ఇచ్చి, డబ్బులు వద్దంటే వద్దంది.